హైబ్రిడ్ పియానో కొనే ముందు, పాప ఏ వేళలో వాయిస్తుందో రాసుకోండి

మీ ప్రశ్నలో నాకు అర్థమైంది ఇదీ. కొండాపూర్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్. పాపకు పదేళ్లు. మూడేళ్లుగా కీబోర్డు మీద నేర్చుకుంటోంది, ఇప్పుడు టీచరుగారు ఇక పియానో కొనాల్సిందే అన్నారు. మీవారిది రాత్రి షిఫ్టు, మధ్యాహ్నం దాకా నిద్ర. కింది ఫ్లాటువాళ్లు ఇప్పటికే ఒకసారి వాచ్‌మన్‌తో చెప్పి పంపారు. షోరూములో "హైబ్రిడ్ తీసుకోండి మేడమ్, టూ ఇన్ వన్" అన్నారు. ఇంకొకాయన జపాన్ నుంచి దిగిన సెకండ్‌హ్యాండ్ సైలెంట్ పియానో సగం ధరకే ఇస్తానంటున్నాడు. ఏది తీసుకోవాలి?

నేను సికింద్రాబాద్‌లో 26 ఏళ్లుగా పియానోలు శ్రుతి చేస్తున్నాను, రిపేర్లూ చేస్తాను. మా నాన్నగారు నాటకాలవాళ్ల హార్మోనియంలు బాగుచేసేవారు. ఆ అలవాటు కొద్దీ పియానో కీలను కూడా నేను మెట్లు అనే అంటాను, ఏమీ అనుకోకండి. ఏ కంపెనీకీ నేను డీలర్ని కాను. మీరు ఏది కొన్నా నాకు ఒరిగేది ట్యూనింగ్ డబ్బులే, అవీ కొన్నిరకాలకు రావు.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. హైబ్రిడ్ అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు వస్తువులు అమ్ముతున్నారు. ఒకటి నిఖార్సైన పియానో. లోపల తీగలు, ఇనుప ఫ్రేము, తీగల వణుకును పెద్దది చేసి వినిపించే చెక్క సౌండ్‌బోర్డు, తీగలను కొట్టే ఫెల్ట్ (ఒత్తుగా నొక్కిన ఉన్ని) తొడిగిన సుత్తులు అన్నీ ఉంటాయి. దానికి పైన ఎలక్ట్రానిక్స్ బిగిస్తారు. రెండోదాంట్లో ఒక్క తీగ కూడా ఉండదు, శబ్దమంతా స్పీకర్లలోంచే వస్తుంది. కానీ మెట్టు దగ్గర నుంచి సుత్తి దాకా ఉన్న యంత్రాంగం మాత్రం అసలు పియానోదే. సేల్స్‌మన్ రెండింటినీ ఒకే గాటన కట్టి చెప్తాడు. మీరు మాత్రం మొదటి ప్రశ్నగా "లోపల తీగలున్నాయా?" అని అడగండి. అక్కడితోనే సగం సంగతి తేలిపోతుంది.

తీగలున్న రకం గురించి ముందు చెప్తాను. యమహా 1993లో సైలెంట్ పియానో అని తెచ్చింది. కవాయ్ అనే మరో జపాన్ కంపెనీలో ఇదే కోవలోది ఎనీటైమ్. ఇందులో కిటుకు చాలా సాదాసీదా. లోపల సుత్తుల వరసకు ఎదురుగా ఒక అడ్డపట్టీ ఉంటుంది. (సుత్తి అంటే నవ్వకండి, హ్యామర్‌కు అంతకన్నా మంచి తెలుగు మాట నాకు దొరకలేదు.) మధ్య పెడల్ నొక్కితేనో, చిన్న మీట లాగితేనో ఆ పట్టీ అడ్డం తిరుగుతుంది. సుత్తి తీగ దాకా పోతుంది గానీ తగలదు, దాని కాడ పట్టీకి కొట్టుకుని వెనక్కి వస్తుంది. మెట్టు ఎంత వేగంగా దిగిందో కింద ఉన్న ఆప్టికల్ సెన్సార్ చూసి చెప్తుంది, దాన్నిబట్టి ముందే రికార్డు చేసి పెట్టిన గ్రాండ్ పియానో (తీగలు అడ్డంగా పడుకుని ఉండే పెద్ద పియానో) ధ్వని హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తుంది. పట్టీ తీసేస్తే మళ్లీ మామూలు పియానో. కరెంటు పోయినా వాయించుకోవచ్చు.

దీని మీద ఇంకో మెట్టు పైకి వెళ్లినవి యమహా ట్రాన్స్‌అకౌస్టిక్, కవాయ్ ఆరెస్. వీటిలో డిజిటల్ ధ్వని చెక్క సౌండ్‌బోర్డును కదిలించి బయటికి వస్తుంది. అంటే బోర్డే స్పీకరు. పియానోకు వాల్యూమ్ బటన్ వచ్చినట్టు. రాత్రి ఎనిమిదింటికి హెడ్‌ఫోన్స్ లేకుండానే నెమ్మదిగా వినొచ్చు. వినడానికి నిజంగా బాగుంటుంది, కాదనను. కానీ ఒక తిరకాసు ఉంది. డిజిటల్ ధ్వని ఎప్పుడూ శ్రుతిలోనే ఉంటుంది, తీగలు అలా ఉండవు. రెండూ కలిపి వాయించే సౌకర్యం చూపించి షోరూములో మురిపిస్తారు. మన ఇంట్లో ఏడాది ట్యూనింగ్ చేయించని పియానో మీద అదే పని చేస్తే రెండూ ఒకదాన్నొకటి వెక్కిరించుకుంటాయి.

బయటి నుంచి సైలెంట్ కిట్ కొని పాత పియానోకు బిగించే పద్ధతి కూడా ఉంది. దాని గురించి నా అనుభవం చెప్తాను, ఎందుకంటే మీకు ఆ ఆఫర్ కూడా రావచ్చు. సుమారు పదేళ్ల కిందట మా ఇంట్లో ఉన్న పియానోకే ఒక కిట్ తెప్పించి నేనే బిగించాను. మామూలుగా మెట్టును చాలా నెమ్మదిగా నొక్కితే, సుత్తి తీగకు 2 లేదా 3 మిల్లీమీటర్ల దూరం దాకా వచ్చి అక్కడ మెట్టు పట్టు వదిలేస్తుంది. చివరి ఆ కాస్త దూరం సుత్తి తన ఊపుతో తానే వెళ్తుంది. మెత్తగా వాయించే నేర్పంతా ఆ కాస్త దూరంలోనే ఉంది. అడ్డపట్టీ పట్టాలంటే ఆ దూరాన్ని పెంచక తప్పదు, లేకపోతే పట్టీ వేసి ఉన్నా సుత్తి తీగను గీరుతుంది. నేను పెంచాను. పట్టీ బ్రహ్మాండంగా పనిచేసింది. కానీ మామూలుగా వాయించినప్పుడు మెత్తటి స్వరాలు మధ్యమధ్యలో పలకకుండా పోయేవి. మా అమ్మాయి రెండు రోజులు చూసి, "నాన్నా, దీనికి జలుబు చేసింది" అంది. మళ్లీ అంతా విప్పి పాత కొలతలకు తెచ్చేసరికి ఒక ఆదివారం, ఒక సోమవారం పోయాయి. ఫ్యాక్టరీలో బిగించి వచ్చే వాటిలోనూ ఈ రాజీ కొంత ఉంటుంది గానీ, వాళ్లు మొదటి నుంచీ దానికి తగ్గట్టు లెక్క కడతారు. అందుకని సైలెంట్ కావాలంటే కంపెనీ నుంచి బిగించి వచ్చిందే తీసుకోండి.

ఇప్పుడు ఎవరూ చెప్పని సంగతి. సైలెంట్ పియానో సైలెంట్ కాదు. షోరూములో మీ పాప చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టి, మీరు పక్కన ఊరికే నిలబడి వినండి. టక్ టక్ టక్ మని చెక్క మీద వేళ్లతో కొట్టినట్టు వినిపిస్తుంది. మెట్టు అడుగున ఫెల్ట్‌కు తగిలే చప్పుడు, సుత్తి కాడ పట్టీకి తగిలే చప్పుడు, పెడల్ లేచే చప్పుడు. గదిలో పెద్దగా అనిపించదు. కానీ పియానో కాళ్ల నుంచి స్లాబులోకి దిగిన చప్పుడు కింది ఫ్లాటు సీలింగులోంచి బయటపడుతుంది. రోట్లో ఏదో దంచుతున్నట్టు ఉందని ఒక కింది ఫ్లాటాయన నాతోనే అన్నారు, సంగీతమైతే భరించేవాళ్లం అని కూడా అన్నారు పాపం. కాళ్ల కింద మందపాటి రబ్బరు మ్యాటు, దాని మీద ప్లైవుడ్ పలక, ఆ పైన పియానో చక్రాల కింద పెట్టే గిన్నెలు వేస్తే చాలావరకు తగ్గుతుంది. ఇది రెండు రకాల హైబ్రిడ్‌లకూ వర్తిస్తుంది, మామూలు డిజిటల్‌కు కూడా. కాబట్టి కొనగానే కింది ఫ్లాటువాళ్ల గొడవ తీరిపోతుందని ఆశపడకండి. మీవారి నిద్రకు మాత్రం, పియానో వేరే గదిలో ఉంటే, హెడ్‌ఫోన్స్ చాలు.

తీగల్లేని రకానికి వద్దాం. యమహాలో 2009లో మొదలైన అవాంట్‌గ్రాండ్ వరస, అందులోని ఎన్1ఎక్స్ మోడల్, ఆపై ఎన్‌యు1ఎక్స్, కవాయ్‌లో నోవస్ వరస ఎన్‌వి5, ఎన్‌వి10. ఇక్కడ ఒక చిన్న తేడా పట్టుకోండి. ఎన్‌యు1ఎక్స్, ఎన్‌వి5లలో ఉన్నది అప్‌రైట్ పియానో (తీగలు నిలువుగా ఉండేది, గోడకు ఆనించి పెట్టేది) యంత్రాంగం. ఎన్1ఎక్స్, ఎన్‌వి10లలో ఉన్నది గ్రాండ్ పియానో యంత్రాంగం. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, గ్రాండ్‌లో మెట్టు పూర్తిగా పైకి రాకముందే అదే స్వరాన్ని మళ్లీ కొట్టొచ్చు. 1821లో ఎరార్ అనే ఫ్రెంచి తయారీదారు పేటెంట్ చేసిన పద్ధతి అది. అప్‌రైట్‌లో సుత్తి నిలువుగా ఉంటుంది కాబట్టి గురుత్వాకర్షణ సాయం అంతగా దొరకదు, స్ప్రింగు, చిన్న నాడా కలిసి దాన్ని వెనక్కి లాగాలి. అందుకే కాస్త నెమ్మది. సెకనుకు గ్రాండ్ 14 సార్లు, అప్‌రైట్ 7 సార్లు మళ్లీ పలకగలవని సాధారణంగా చెప్పే లెక్క. పదేళ్ల పాపకు 7 సార్లు ధారాళంగా సరిపోతాయి. సంగీత పరీక్షల్లో పెద్ద గ్రేడులకు వెళ్లాక ఆలోచించుకోవచ్చు.

కాసియోలో గ్రాండ్ హైబ్రిడ్ అని బెష్‌స్టైన్ అనే జర్మన్ పియానో కంపెనీతో కలిసి చేసినవి 2015 నుంచి ఉన్నాయి. మెట్లు చెక్కవి, సుత్తిలాంటి బరువు కదులుతుంది, స్పర్శ బాగుంటుంది. కానీ పూర్తి పియానో యంత్రాంగం కాదు. పేరు చూసి పై వాటితో సమానం అనుకోవద్దు, అలాగని తీసిపారేయనూ వద్దు.

ఈ రకానికి ట్యూనింగ్ అక్కర్లేదు. అంటే నాకు డబ్బులు రావు, అయినా నిజం నిజమే. కానీ మెయింటెనెన్సే ఉండదన్న మాట నమ్మకండి. లోపల ఉన్నవి అసలు ఫెల్టు, అసలు కీళ్లు, అసలు స్ప్రింగులు. రోజుకు రెండు గంటలు వాయిస్తే నాలుగైదేళ్లకు అరుగుతాయి, సర్దాలి. అప్పుడు పియానో మెకానిక్, ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ ఇద్దరూ కావాలి. ఇద్దరూ "అది నా పని కాదు, ఆయన పని" అనుకునే అవకాశం ఉంది. కొనేటప్పుడే షోరూమువాళ్లను, హైదరాబాద్‌లో దీనికి సర్వీసు ఎవరు చేస్తారు, మనిషి ఇక్కడే ఉంటాడా, చెన్నై నుంచో ముంబై నుంచో రావాలా అని అడిగి రాతలో తీసుకోండి. ఎక్కడి నుంచో రావాలంటే ప్రయాణ ఖర్చు ఎవరిదో కూడా అందులోనే రాయించండి.

ఇక మన ఊరి వాతావరణం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, సన్నటి చెక్క సంగతి చెప్పాలా. పియానో లోపల సుమారు 230 తీగలు ఉంటాయి, అన్నీ కలిపి లాగే బలం 18 నుంచి 20 టన్నులు. ఆ బలం అంతా ఇనుప ఫ్రేము మోస్తుంది గానీ, తీగలు ఆనుకుని ఉండేది చెక్క సౌండ్‌బోర్డు మీద. వానాకాలం తేమకు ఆ బోర్డు ఉబ్బి తీగలను పైకి నెడుతుంది, శ్రుతి పెరుగుతుంది. ఎండాకాలం ఎండి దిగుతుంది, శ్రుతీ దిగుతుంది. అన్ని స్వరాలూ సమంగా కదిలితే బాధ లేదు, మధ్య స్వరాలు ఎక్కువ, చివరివి తక్కువ కదులుతాయి. అందుకే వినేవాళ్లకు పుల్లగా తోస్తుంది. తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే పియానో సుఖంగా ఉంటుంది. మనకు మే నెల మధ్యాహ్నం అది బాగా కిందికి, ఆగస్టు ముసురులో బాగా పైకి పోతుంది. దానికి తోడు ఏసీ. రాత్రంతా వేసి పగలంతా ఆపే ఇళ్లలోనే నేను ఎక్కువ తేడా చూశాను. అసలు ఏసీ లేని గదిలో అంత తేడా ఉండదు.

తీగల రకం కొంటే ఏడాదికి రెండుసార్లు ట్యూనింగ్ తప్పదు. మొదటి ఏడాది తీగలు సాగుతూ ఉంటాయి కాబట్టి నాలుగుసార్లు. మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. అప్పుడు చేస్తే మళ్లీ నెలకు కదులుతుంది. ఆగస్టు చివరా, ఫిబ్రవరిలోనూ చేయించండి. కొన్ని వందల రూపాయలకు దొరికే తేమ మీటరు ఒకటి కొని పియానో పక్కన పెట్టుకోండి, మూడు నెలలు చూస్తే మీ ఇంటి తీరు తెలిసిపోతుంది. మరీ ఎక్కువగా ఊగుతుంటే పియానో లోపలే బిగించే తేమ నియంత్రణ పరికరాలున్నాయి. కవాయ్ యంత్రాంగంలో చాలా భాగాలు చెక్కకు బదులు ఏబీఎస్ ప్లాస్టిక్, కార్బన్ కలిపినవి, అవి తేమకు ఉబ్బవు. ప్లాస్టిక్ అనగానే పాతతరం మెకానిక్‌లు మొహం చిట్లిస్తారు, నేనూ ఒకప్పుడు చిట్లించినవాణ్నే. వానాకాలంలో మెట్లు బిగుసుకుపోయాయని వచ్చే ఫోన్లలో వాటివి తక్కువ, అది గమనించాక మానేశాను.

సెకండ్‌హ్యాండ్ జపాన్ పియానో గురించి. తీగల పియానోగా చూస్తే అది మంచి బేరమే కావచ్చు. సరిగా చూసుకున్న యమహా యు1 అనే అప్‌రైట్ నలభై ఏళ్లు దాటి కూడా చక్కగా పలుకుతుంది. సీరియల్ నంబరును బట్టి ఏ ఏడాదిదో తెలిసిపోతుంది. కానీ దాని లోపలి సైలెంట్ పెట్టె, అంటే హెడ్‌ఫోన్స్‌కు ధ్వని ఇచ్చే ఎలక్ట్రానిక్స్, వేరే కథ. జపాన్‌లో ఇంటి కరెంటు 100 వోల్టులు, మనది 230. మూడేళ్ల కిందట ఒక కుటుంబం ఇలాంటి పియానో తెచ్చుకుంది. అమ్మినవాడు ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వలేదు, చెప్పనూ లేదు. పిల్లవాడు మామూలు మల్టీప్లగ్ తగిలించి స్విచ్ వేశాడు. "అంకుల్, పియానోలోంచి పకోడీ వాసన వస్తోంది" అని నాకు ఫోన్ చేసిందీ వాడే. నేను వెళ్లి పై మూత తీసేసరికి పెట్టె నల్లబడి ఉంది. పాతికేళ్ల నాటి సర్క్యూట్ బోర్డు, కొత్తది దొరకలేదు. తీగల వైపు మాత్రం ఏమీ కాలేదు, ఇప్పటికీ వాడు దాని మీదే వాయిస్తున్నాడు, హెడ్‌ఫోన్స్ లేకుండా. కాబట్టి ఆ బేరానికి వెళ్తే సైలెంట్ సౌకర్యం లేదనుకుని ధర కట్టండి. పనిచేస్తే లాభం కింద లెక్క. అడాప్టర్ మీద ఇన్‌పుట్ ఎంతని రాసి ఉందో మీ కళ్లతో చదవండి. పాత పెట్టెలో ధ్వని కూడా ఈనాటి చెవికి పేలవంగా ఉంటుంది. పియానో వయసు, ఎలక్ట్రానిక్స్ వయసు ఒకటి కాదు. యాభై ఏళ్లు బతికే చెక్కలో పది పదిహేనేళ్లు బతికే బోర్డు పెట్టి అమ్ముతున్నారు. కొత్త హైబ్రిడ్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. ఒక స్టెబిలైజర్ ఎలాగూ పెట్టండి, ఎండాకాలంలో మన కరెంటు ఊగిసలాట మీకు తెలియంది కాదు.

బరువు మాట. యు1 ఎత్తు 121 సెంటీమీటర్లు, వెడల్పు 153, బరువు 228 కిలోలు. ఎన్‌యు1ఎక్స్ బరువు అందులో సగం, 111 కిలోలు. మీ అపార్ట్‌మెంటులో ఆరుగురు పట్టే లిఫ్టు అయితే దాని మీద 408 కిలోలు అని రాసి ఉంటుంది. పియానో 228, నలుగురు హమాలీలు మనిషికి 68 లెక్కన 272, మొత్తం 500. లిఫ్టు ఆగిపోతుంది, అందులోనే అందరూ. పియానోతో ఒకరిద్దరే వెళ్లాలి, మిగిలినవాళ్లు మెట్లెక్కి రావాలి. అసలు చిన్న లిఫ్టులో 153 సెంటీమీటర్ల పొడవు పట్టడమే కష్టం, పట్టించడానికి పియానోను పక్కకు ఎత్తి నిలబెట్టే వీరులుంటారు, ఒప్పుకోకండి. సామాన్ల లిఫ్టు ఉందా, లోపలి కొలతలెంత అని టేపు పట్టుకుని చూసి, ఆ తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి. స్లాబు మోస్తుందా అని చాలామంది టెన్షన్ పడతారు. శ్రావణ మాసంలో అదే చోట నలుగురు పెద్దవాళ్లు నిలబడి కబుర్లు చెప్పుకుంటే అంతకంటే ఎక్కువే అవుతుంది. గోడకు ఆనించి పెట్టండి, చాలు.

ఇప్పుడు మీ విషయం. రెండు వారాలు ఒక కాగితం ఫ్రిజ్ మీద అంటించి, పాప వాయించిన ప్రతిసారీ ఏ వేళ, ఎంతసేపు అని రాయండి. మీరు రాసినదాన్ని బట్టి నా ఊహ ఇదీ: బడి నుంచి నాలుగున్నరకు వస్తుంది, మీవారు అప్పటికి లేచి ఉంటారు. ఐదు నుంచి ఏడు లోపల గంట దొరికితే ఆ వేళ ఎవరికీ ఇబ్బంది లేదు, కింది ఫ్లాటువాళ్లకు కూడా. ఆ గంట నిజంగా దొరుకుతుంటే తీగల పియానోకే వెళ్లండి, కంపెనీ సైలెంట్‌తో. సెలవురోజు పొద్దున మీవారు పడుకున్నప్పుడు హెడ్‌ఫోన్స్. కాగితం మీద చాలావరకు రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది అని ఉంటే మాత్రం, హోంవర్కులు, ట్యూషన్లు అయ్యాకే వాయిస్తుందంటే, తీగలకు పెట్టే డబ్బు దండగ. వారానికి ఒక్కసారి వినిపించే తీగల కోసం ఏటా ట్యూనింగ్ చేయిస్తూ కూర్చోవద్దు, తీగల్లేని రకం తీసుకోండి. చాలామంది ఈ లెక్క తిరగేసి చేస్తారు. డబ్బుంది కాబట్టి పెద్దది కొని, తర్వాత అది హెడ్‌ఫోన్స్ స్టాండ్ అయిపోతుంది.

తీగల పియానోనే ఎందుకు ముందు చెప్పానంటే, నేర్చుకునే చెవికి అది వేరు. కుడి పెడల్ తొక్కి ఒక స్వరం కొడితే మిగతా తీగలన్నీ చిన్నగా వణుకుతాయి. ఒళ్లో చెయ్యి పెట్టుకుని కూర్చున్నా బెంచీ మీదుగా ఆ వణుకు తెలుస్తుంది. మంచి డిజిటల్‌లో దాన్ని లెక్కగట్టి వినిపిస్తారు, వినడానికి దగ్గరగా ఉంటుంది, ఒంటికి తెలియదు. అది లేకపోతే పిల్లలు పియానో నేర్చుకోలేరని మాత్రం అనను. నాకు తెలిసిన ఒక అబ్బాయి స్పీకర్ల వాద్యం మీదే ఎనిమిదో గ్రేడు దాకా వెళ్లాడు. పరీక్షలకు ఏ వాద్యం చెల్లుతుందన్నది మాత్రం మీ టీచరుగారినే అడగండి, పరీక్ష పెట్టే బోర్డును బట్టి, గ్రేడును బట్టి నిబంధనలు మారుతుంటాయి.

షోరూముకు పాపను తీసుకెళ్లండి, కీబోర్డు మీద అలవాటైన పాట ఒకటి, రానిది ఒకటి తయారుగా పెట్టుకోమనండి. ముందు ఒక మెట్టును ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా నొక్కించండి. అడుగుకు చేరే ముందు వేలికి ఒక చిన్న అడ్డు తగిలి జారినట్టు ఉండాలి, అది 88 మెట్లలోనూ ఒకేలా ఉండాలి. తర్వాత ఒకే మెట్టును రెండు వేళ్లతో గబగబా కొట్టించండి, తడబడుతుందేమో చూడండి. సైలెంట్ ఉన్నదైతే అదే పాటను పట్టీ వేసి ఒకసారి, తీసి ఒకసారి. చేతికి తేడా తెలిసిందా అని పాపనే అడగండి, ఆ జవాబు నా కన్నా నిజం. కుడి పెడల్ సగం తొక్కితే ధ్వని సగమే నిలుస్తోందా, లేక ఆన్ ఆఫ్ లాగా ఉందా చూడండి. హెడ్‌ఫోన్స్ వైరువే వాడండి, బ్లూటూత్‌వి పెడితే కొట్టిన తర్వాత కాసేపటికి వినిపిస్తుంది, పాప వాద్యాన్ని తిడుతుంది. సేల్స్‌మన్ ఈలోపు రెండు వందల రకాల ధ్వనులు, డ్రమ్స్, వయొలిన్లు వినిపించబోతాడు. థాంక్స్ చెప్పి పక్కన పెట్టండి. పాప రోజూ వాడేది మొదటి ఒక్క పియానో ధ్వనే.

రేట్ల గురించి ఇక్కడ అంకెలు రాయను, అవి యెన్‌తో పాటు ఊగుతుంటాయి. కానీ డెలివరీ, తొమ్మిదో అంతస్తుకు ఎక్కించే కూలి, మొదటి రెండు ట్యూనింగులు, బెంచీ, అన్నీ కొటేషన్‌లో కలిపి ఉన్నాయో లేదో చూసుకోండి. బేరం ఆడితే ధర తగ్గకపోయినా ఇవి వస్తాయి.

ఇంట్లో ఎక్కడ పెట్టాలంటే, బాల్కనీ ఎండ నేరుగా పడకూడదు, ఏసీ గాలి నేరుగా తగలకూడదు, వంటింటి గోడ వద్దు. మూత మీద పూలకుండీ పెట్టొద్దు, ఒలికిన నీళ్లు నేరుగా మెట్ల మధ్యకే దారి వెతుక్కుంటాయి. ఇంకోటి, నవ్వొచ్చినా చెప్పక తప్పదు. దసరాకు ఆయుధపూజ చేసి కొందరు మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ బొట్లు పెడతారు. మారేడ్‌పల్లిలో ఒక ఇంట్లో 88 మెట్లకూ పెట్టారు, పైన అక్షింతలు కూడా. ఆ బియ్యం గింజలు మెట్ల కింద చేరి, దీపావళికల్లా ఆరు మెట్లు కిందికి దిగడం మానేశాయి. గింజ గింజా చిమ్టాతో తీశాను, సెన్సార్ల మీది కుంకుమ బ్రష్‌తో దులిపాను. పూజ తప్పకుండా చేయండి, బొట్టు మాత్రం మూత మూసి, చెక్క మీద పెట్టండి.

తీగలదే కొంటే ఇంటికి వచ్చిన రోజే ట్యూనర్‌ను పిలవకండి. మూడు వారాలు అలా ఉంచి, మీ ఇంటి గాలికి అలవాటు పడ్డాక చేయించండి. ఈలోపు శ్రుతి కాస్త అటూ ఇటూ ఉన్నా, పాపను వాయించొద్దని ఆపకండి, ఎలాగూ ఆగదు.